ఒకే కార్డు, రెండు రాష్ట్రాలు: సరిహద్దు జిల్లాల్లో తెలుగు వికలాంగుల హక్కులు, సంఘాలు, ఆత్మగౌరవం

పర్లాకిమిడి నుంచి పాతపట్నం వెళ్లడానికి ఆటో చాలు. ఇటు ఒడిశా, అటు ఆంధ్రప్రదేశ్. రెండు చోట్లా ఇళ్లలో తెలుగు వినిపిస్తుంది, రెండింటి మధ్యా వియ్యాలు కలుస్తాయి, ఒక ఊరివారు మరో ఊరి బజారుకు పోతారు. చిన్నతనంలో పోలియో సోకి కాలు చచ్చుబడిన ఇద్దరు వ్యక్తులు, ఒకరు అటు, ఒకరు ఇటు నివసిస్తున్నారని అనుకుందాం. ఇద్దరి వైకల్యాన్నీ వైద్యులు 50 శాతంగానే లెక్కగట్టారు, ఇద్దరి దగ్గరా దేశమంతటా చెల్లే పసుపు రంగు కార్డే ఉంది. అయినా పాతపట్నం మనిషికి నెలకు 6,000 రూపాయల పింఛను వస్తుంటే, పర్లాకిమిడి మనిషికి అందులో నాలుగో వంతు కూడా రాదు.

ఈ తేడాను చూసినవారు సాధారణంగా రెండు రకాలుగా మాట్లాడతారు. కొందరు ఒక ప్రభుత్వం మంచిదనీ, మరొకటి చెడ్డదనీ తేల్చేస్తారు. మరికొందరు కార్డులోనే ఏదో లోపం ఉందనుకుని, సరిహద్దు దాటి మరో కార్డు చేయించుకోవడానికి దళారుల చుట్టూ తిరుగుతారు. రెండూ అసలు విషయాన్ని పట్టుకోవు. వైకల్య ధ్రువపత్రం, పింఛను, హక్కు అనేవి మూడు వేర్వేరు విషయాలు; మూడూ ఒకే చోటు నుంచి వచ్చినవి కావు; మూడింటికీ జవాబు చెప్పాల్సినవారు కూడా వేరే. ఒడిశాలోని గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్, మల్కన్‌గిరి జిల్లాల్లోనూ, మహారాష్ట్రలోని గడ్చిరోలి, చంద్రపూర్, యవత్మాల్, నాందేడ్ జిల్లాల్లోనూ ఉన్న తెలుగు వికలాంగులకు ఈ మూడింటినీ విడదీసి చూడటం చాలా అవసరం, ఎందుకంటే చాలా దగ్గరగా ఇక్కడ ఒక రాష్ట్రపు లెక్క మరో రాష్ట్రపు లెక్కను తాకుతూ ఉంటుంది.

ముందుగా ఈ తేడా ఎందుకుందో చూద్దాం. రాజ్యాంగం ఏడో షెడ్యూల్‌లో రాష్ట్రాల జాబితా ఉంది. అందులో 9వ అంశం వికలాంగులకూ, పనిచేయలేనివారికీ సహాయం అందించడం. అంటే 1950 నుంచీ ఆ సహాయం ఎంత, ఎవరికి, ఏ షరతుతో అన్నది రాష్ట్రాల చేతిలోని విషయం. వృద్ధాప్యం, జబ్బు, అంగవైకల్యం వచ్చినప్పుడు ప్రభుత్వం ఆదుకోవాలని 41వ అధికరణం చెబుతుంది గానీ, దాన్ని ఆదేశిక సూత్రాల్లో చేర్చి, రాజ్యపు ఆర్థిక శక్తి మేరకు అని కూడా అంటుంది. మతం, కులం, లింగం వంటి కారణాలతో వివక్ష చూపరాదన్న 15వ అధికరణంలో వైకల్యం పేరు లేదు. రాజ్యాంగం రాసిన నాటికి వికలాంగుడు సహాయం పొందవలసినవాడే తప్ప సమానత్వం అడిగేవాడిగా ఇంకా ఎవరి కంటా పడలేదన్నది నా అభిప్రాయం.

అయితే రాష్ట్రాల విషయమైన దాని మీద పార్లమెంటు దేశమంతటికీ చట్టం ఎలా చేయగలిగింది? అంతర్జాతీయ ఒప్పందాలను అమలు చేయడానికి ఏ అంశం మీదైనా పార్లమెంటు చట్టం చేయవచ్చని 253వ అధికరణం చెబుతుంది. ఆసియా, పసిఫిక్ దేశాలు 1992లో బీజింగ్‌లో చేసిన ప్రకటనను అనుసరించి 1995లో మొదటి వికలాంగుల చట్టం వచ్చింది. ఐక్యరాజ్యసమితి 2006 డిసెంబరులో ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒడంబడికను భారతదేశం 2007లో ధ్రువీకరించింది. దానికి తగినట్టుగా 2016లో కొత్త చట్టం తెచ్చింది. 1995 చట్టంలో 7 రకాల వైకల్యాలుండగా ఇప్పుడు 21 ఉన్నాయి. ప్రభుత్వ ఉద్యోగాల్లో 3 శాతంగా ఉన్న రిజర్వేషను 4 శాతమైంది, ఉన్నత విద్యలో 5 శాతమైంది. ఈ విధంగా హక్కు దేశవ్యాప్తమైంది, సహాయం మాత్రం రాష్ట్రాల దగ్గరే మిగిలిపోయింది. కేంద్రం ఇచ్చే వికలాంగుల పింఛను నెలకు 300 రూపాయలు. అదీ పేదరిక రేఖకు దిగువన ఉండి, 80 శాతం, ఆపైన వైకల్యం ఉన్నవారికే.

ఇక ధ్రువపత్రం సంగతి. 2021 జూన్ 1 నుంచి దేశమంతటా వైకల్య ధ్రువపత్రాలను యూడీఐడీ (ప్రత్యేక వైకల్య గుర్తింపు) పోర్టల్ ద్వారానే ఇవ్వాలన్న నియమం అమల్లోకి వచ్చింది. 2016 చట్టంలోని 58వ సెక్షన్ ప్రకారం ఆ పత్రం దేశమంతటా చెల్లుతుంది. గడ్చిరోలిలో ఇచ్చినదాన్ని వరంగల్‌లో కాదనడానికి, శ్రీకాకుళంలో ఇచ్చినదాన్ని బరంపురంలో పక్కన పెట్టడానికి ఎవరికీ అధికారం లేదు. ఆచరణలో మాత్రం కౌంటరు దగ్గర కూర్చున్న మనిషి, మా రాష్ట్రపు పత్రం తెమ్మని అడగడం సరిహద్దు జిల్లాల్లో పరిపాటి. ఆంధ్రప్రదేశ్‌లోనూ, తెలంగాణలోనూ జనం నోట సదరం సర్టిఫికెట్ అన్న మాట స్థిరపడిపోయింది. ఒడిశా వైపు ఒడియా కవి భీమ భోయి పేరిట ప్రభుత్వం జరిపే శిబిరాల్లో తీసుకున్న కాగితమే అసలైనదని భావిస్తారు. పాత అలవాటు కొత్త చట్టం కంటే బలంగా నిలిచిన చోట, సెక్షన్ సంఖ్యతో సహా అడగగలిగే మనిషి వెంట ఉంటేనే పని జరుగుతుంది.

సిరొంచ ఉదాహరణ చూస్తే ధ్రువపత్రం ఎంత దూరపు సంగతో తెలుస్తుంది. గోదావరి, ప్రాణహిత కలిసే చోట, గడ్చిరోలి జిల్లాకు దక్షిణపు కొసన ఉన్న ఈ మహారాష్ట్ర తాలూకాలో తెలుగు మాట్లాడేవారే ఎక్కువ. జిల్లా కేంద్రమైన గడ్చిరోలి దాదాపు 200 కిలోమీటర్ల దూరం. నది దాటితే కాళేశ్వరం. చెన్నూరు మీదుగా మంచిర్యాల అందులో సగం దూరం కూడా ఉండదు. అందువల్ల జ్వరం వచ్చినా, కాన్పైనా, ప్రమాదం జరిగినా జనం సహజంగానే తెలంగాణ వైపు వస్తారు. ప్రమాదంలో కాలు పోయిన మనిషికి శస్త్రచికిత్స వరంగల్‌లో జరుగుతుంది, ధ్రువపత్రం కోసం మాత్రం కర్రల మీద గడ్చిరోలి వెళ్లాలని చెబుతారు. 2016 చట్టం కింద 2017లో వచ్చిన నిబంధనల్లో 17వది దీనికి ఒక దారి చూపింది. దరఖాస్తుదారు తాను నివసించే జిల్లాలోని వైద్యాధికారికి గానీ, తన వైకల్యానికి చికిత్స పొందుతున్న లేదా పొందిన ప్రభుత్వ ఆసుపత్రిలోని సంబంధిత వైద్యాధికారికి గానీ దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఈ రెండో వెసులుబాటు సరిహద్దు ప్రజల కోసమే రాశారా అనిపించేంత పనికొచ్చేది. దీన్ని తెలిసినవారు తక్కువ, తెలిసి అమలు చేసే ఆసుపత్రులు మరీ తక్కువ.

శాతం లెక్క మరో చిక్కు. 40 శాతం దాటితేనే రిజర్వేషన్లు, చాలా పథకాలు వర్తిస్తాయి. 80 దాటితే కొన్ని రాష్ట్రాల్లో పింఛను మొత్తం మారుతుంది. విరిగి అతుక్కోని ఎముకనో, చూపు తగ్గిన కంటినో కొలవడానికి పద్ధతులున్నాయి. కానీ ఈ జిల్లాల్లో ఎక్కువగా కనబడే సికిల్ సెల్ వ్యాధిని ఏ కొలతతో పట్టుకోవాలి? కొరాపుట్, రాయగడ, గడ్చిరోలి ప్రాంతాల ఆదివాసుల్లో, దళితుల్లో, వారితో కలిసి బతికే ఇతర కులాల్లో ఈ రక్తవ్యాధి ఉంది. నొప్పి లేని రోజున మనిషి మామూలుగా కనబడతాడు, నొప్పి వచ్చిన రోజున మంచం దిగలేడు. వైద్యుల ముందు హాజరయ్యే తేదీ ఈ రెండింటిలో ఏ రోజున పడుతుందో ఎవరూ చెప్పలేరు. 2016 చట్టం సికిల్ సెల్‌నూ, తలసీమియానూ, హీమోఫీలియానూ 21 వైకల్యాల్లో చేర్చింది. ఆ చేర్పు కోసం రోగుల తల్లిదండ్రులు ఎన్నో ఏళ్లు పోరాడారు. అయితే ఉద్యోగాల్లో 4 శాతం రిజర్వేషను ఎవరెవరికో చెప్పే 34వ సెక్షన్‌లో ఈ రక్తవ్యాధుల పేర్లు లేవు. కళాశాలలో సీటుకు అర్హత ఉంటుంది, చదువు ముగిశాక అదే పత్రంతో ఉద్యోగం అడిగితే కోటా వర్తించదంటారు. చట్టం ఒక చేత్తో గుర్తించి మరో చేత్తో పక్కన పెట్టిన ఈ అన్యాయం గురించి వికలాంగుల సంఘాల్లో కూడా తగినంత చర్చ జరగలేదు. సికిల్ సెల్ నిర్మూలనకు 2023 జులైలో కేంద్రం మొదలుపెట్టిన కార్యక్రమం పరీక్షల మీద, కార్డుల పంపిణీ మీద దృష్టి పెట్టింది. ఇప్పటికే ఈ వ్యాధితో బతుకుతున్న యువతకు ఉద్యోగం సంగతేమిటన్నది ఇంకా తేలవలసే ఉంది.

భాష కూడా ధ్రువపత్రంలోకి చొరబడుతుంది. చదవడం, రాయడం, లెక్కలు చేయడంలో ప్రత్యేకమైన ఇబ్బంది ఉన్న పిల్లల్ని బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్‌హాన్స్ రూపొందించిన పరీక్షలతో గుర్తించాలని 2018 మార్గదర్శకాలు చెప్పాయి. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా లేదా మరాఠీ, వీధిలో రెండూ కలిసిన మాట వినే పిల్లవాడు చదవడంలో తడబడితే, అది అభ్యసన వైకల్యమా, తెలియని భాష వల్ల కలిగిన ఇబ్బందా అన్నది తేల్చడానికి రెండు భాషలూ తెలిసిన నిపుణుడు కావాలి. అలాంటివారు జిల్లా ఆసుపత్రుల్లో దొరకడం కష్టం. దీనివల్ల నిజంగా వైకల్యం ఉన్న పిల్లవాడికి భాష రాదన్న ముద్ర పడుతుంది, భాష మాత్రమే రాని పిల్లవాడికి బుద్ధిమాంద్యం అన్న ముద్ర పడుతుంది. ప్రాథమిక దశలో భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు మాతృభాషలో బోధన సదుపాయం ఉండాలని చెప్పే 350-ఏ అధికరణాన్ని తెలుగు బడుల కోసం వాదించేవారు ఎప్పుడూ ప్రస్తావిస్తారు. వికలాంగ పిల్లల విషయంలో దాని అవసరం రెట్టింపన్న మాట మాత్రం ఆ వాదనల్లో వినబడదు.

ఇప్పుడు పింఛను దగ్గరికి వద్దాం. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై నుంచి వికలాంగుల పింఛను 6,000 రూపాయలు. పూర్తిగా మంచానికే పరిమితమైనవారికి 15,000. తెలంగాణలో 4,016. మహారాష్ట్రలో సంజయ్ గాంధీ నిరాధార్ పథకం కింద 1,500గా ఉన్నదాన్ని 2025లో 2,500 చేశారు. ఒడిశాలో మధుబాబు పింఛను పథకం 2008 నుంచి నడుస్తోంది; 80 శాతం, ఆపైన వైకల్యం ఉన్నవారికి 2025లో దాన్ని 3,500కు పెంచారు, అంతకంటే తక్కువ శాతం ఉన్నవారికి మాత్రం ఆ పెంపు అందలేదు. మహారాష్ట్ర పథకానికి కనీసం 15 ఏళ్లు ఆ రాష్ట్రంలో నివసించి ఉండాలన్న షరతు ఉంది. ఆదిలాబాద్ నుంచి కిన్వట్‌కో, నిజామాబాద్ నుంచి ధర్మాబాద్‌కో కోడలుగా వెళ్లిన వికలాంగ స్త్రీ పరిస్థితిని ఇక్కడ ఆలోచించాలి. పుట్టింటి రేషను కార్డులోంచి పేరు తీసేయగానే తెలంగాణ పింఛను ఆగిపోతుంది. మెట్టినింటి రాష్ట్రం 15 ఏళ్లు ఆగమంటుంది. తన పేరున నెలకు కొంత డబ్బు వచ్చే స్త్రీగా అత్తవారింట అడుగుపెట్టవలసిన మనిషి, ఆ ఒక్క ఆధారాన్నీ పెళ్లితోనే పోగొట్టుకుంటుంది. పెళ్లి సంబంధాల్లో వికలాంగ స్త్రీలకు ఎదురయ్యే బేరసారాల గురించి తెలిసినవారికి ఈ నష్టం ఎంతటిదో వివరించనక్కర్లేదు.

పక్క రాష్ట్రంతో సమానంగా ఇమ్మని అడిగే హక్కు చట్టంలో లేదు. కానీ అంతకంటే గట్టి పట్టు ఒకటి ఉంది. 2016 చట్టంలోని 24వ సెక్షన్ ప్రకారం, సామాజిక భద్రతా పథకాల్లో వికలాంగులకు ఇచ్చే మొత్తం, అలాంటి పథకాల్లో ఇతరులకు ఇచ్చేదానికంటే కనీసం 25 శాతం ఎక్కువ ఉండాలి. వృద్ధులకు వెయ్యి ఇస్తే వికలాంగులకు 1,250కి తగ్గరాదు. రాష్ట్రాల మధ్య పోలిక వదిలి, ఒకే రాష్ట్రంలో ఒకే పథకం కింద ఇద్దరికి ఇచ్చే మొత్తాల మధ్య పోలిక పెడితే అది విన్నపంగా కాక చట్టబద్ధమైన డిమాండుగా నిలుస్తుంది. ఒడిశాలో 80 శాతం కంటే తక్కువ వైకల్యం ఉన్నవారి విషయంలో సంఘాలు పట్టుకోవలసిన ప్రశ్న ఇదేనని నేను నమ్ముతాను.

సరిహద్దు తేలని ఊళ్ల సంగతి ఇక్కడ చెప్పుకోవాలి. కొరాపుట్ జిల్లా పొట్టంగి బ్లాకుకీ, ఆంధ్ర వైపు సాలూరు మండలానికీ మధ్యనున్న కొటియా గ్రామాల మీద రెండు రాష్ట్రాల వివాదం 1968 నుంచి సుప్రీంకోర్టు దాకా వెళ్లి ఇంకా సాగుతోంది. చంద్రపూర్ జిల్లా జివతి తాలూకాలో పరందోలి, అంతాపూర్, ముకదంగూడ వంటి ఊళ్లను అటు మహారాష్ట్ర, ఇటు తెలంగాణ రెండూ తమవంటాయి. ఈ రెండు చోట్లా ప్రజలకు రెండు రాష్ట్రాల రేషను కార్డులు, రెండు ఓట్లు, రెండు బడులు ఉన్నాయని ఎన్నోసార్లు వార్తలొచ్చాయి. కొటియాలో ఎక్కువమంది కువి మాట్లాడే ఆదివాసులు, జివతి ఊళ్లలో మరాఠీ మాట్లాడేవారు. భూమి మీద పోటీ ఉన్నంతకాలం ప్రభుత్వాలు గుమ్మం దాకా వచ్చి పింఛను ఇస్తాయి. గీత స్పష్టంగా ఉన్న పర్లాకిమిడిలో, సిరొంచలో ఆ తొందర కనబడదు. మనిషికి ఉన్న అవసరాన్ని బట్టి కాక, ఆ మనిషి నిలబడిన నేల మీది తగాదాను బట్టి సాయం అందుతోందంటే, ఆ సాయాన్ని ఇంకా హక్కుగా ఎవరూ గుర్తించలేదనే అర్థం.

హక్కుగా గుర్తింపజేసే పని ఉద్యమాలది. జావేద్ అబిదీ నాయకత్వంలో వికలాంగులు ఢిల్లీ వీధుల్లోకి రాకపోతే 1995 చట్టం ఆ ఏడాది వచ్చేది కాదు. 2001 జనగణనలో వికలాంగుల లెక్క చేరడానికి కూడా ఆయన వంటివారి పట్టుదలే కారణం. ఆ లెక్కలో 2.19 కోట్ల మంది వికలాంగులున్నారని తేలింది, 2011లో 2.68 కోట్లు. తెలుగు నేల మీద ఉద్యమం మరో రూపం తీసుకుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పేదరిక నిర్మూలన కార్యక్రమాల్లో భాగంగా వికలాంగుల స్వయం సహాయక సంఘాలు, మండల సమాఖ్యలు ఏర్పడ్డాయి. ఇంటి అరుగు దాటని మనుషులు నెలకోసారి ఒకచోట కూర్చుని తమ డబ్బు లెక్కలు తామే చూసుకోవడం అప్పుడే మొదలైంది. తర్వాత మంద కృష్ణ మాదిగ మొదలుపెట్టిన వికలాంగుల హక్కుల పోరాట సమితి, వామపక్షాలకు దగ్గరైన వికలాంగుల హక్కుల జాతీయ వేదిక వంటివి పింఛను పెంపును ఎన్నికల్లో జవాబు చెప్పాల్సిన అంశంగా మార్చాయి. ఇవాళ రెండు తెలుగు రాష్ట్రాల్లో పింఛను పక్క రాష్ట్రాల కంటే ఎక్కువ ఉందంటే దాని వెనుక ఈ సంఘాల ధర్నాలు, పాదయాత్రలు, అరెస్టులు ఉన్నాయి.

మహారాష్ట్రలో, ముఖ్యంగా విదర్భలో, అమరావతి ప్రాంతపు నాయకుడు బచ్చు కడూ వికలాంగుల సమస్యను రైతు సమస్యతో కలిపి వీధుల్లోకి తెచ్చారు. 2025 జూన్‌లో మోజరీలో ఆయన చేసిన నిరాహార దీక్ష డిమాండ్లలో వికలాంగులకు నెలకు 6,000 రూపాయలు ఇవ్వాలన్నది ఒకటి. ఒడిశా 2015లోనే వికలాంగుల కోసం ప్రత్యేక శాఖను ఏర్పరచింది. మహారాష్ట్ర 2022లో ఆ పని చేసింది. ఇన్ని ఉద్యమాలు, ఇన్ని శాఖలు ఉన్నప్పటికీ సరిహద్దులోని తెలుగు వికలాంగుడు వీటన్నిటి అంచునా మిగిలిపోయాడు. హైదరాబాదులో, విజయవాడలో జరిగే సభకు వెళితే అతడు ఆ రాష్ట్రపు ఓటరు కాడు. భువనేశ్వర్‌లో, ముంబైలో జరిగే సభలో అతడి భాష సాగదు. తెలుగు సంఘాలు బడుల గురించి, పరీక్షల మాధ్యమం గురించి మాట్లాడినప్పుడు వికలాంగుడు వాటి జాబితాలోకి రాడు. వికలాంగుల సంఘాలు మాట్లాడినప్పుడు భాష వాటి జాబితాలోకి రాదు.

ఈ ప్రాంతంలో సేవకు గొప్ప చరిత్ర ఉందన్న సంగతిని తక్కువ చేయకూడదు. కుష్ఠు రోగుల కోసం బాబా ఆమ్టే 1949లో చంద్రపూర్ జిల్లా వరోరా దగ్గర ఆనంద్‌వన్‌ను స్థాపించారు. వేళ్లు పోయిన చేతులతో వారు బావులు తవ్వి, పంటలు పండించి, తమ ఊరిని తామే కట్టుకున్నారు. అది దయ మీద కాక శ్రమ మీద, గౌరవం మీద నిలిచిన ప్రయత్నం. అయితే ప్రత్యేకంగా ఒక ఊరు కట్టుకోవలసి రావడమే బయటి ఊళ్ల తీర్పు. చాలాకాలం చట్టాలు కూడా ఆ తీర్పునే మోశాయి. కుష్ఠు ఉన్న వ్యక్తి పురపాలక పదవికి అనర్హుడన్న ఒడిశా చట్టంలోని నిబంధనను 2008లో సుప్రీంకోర్టు కొట్టివేయలేదు, చట్టసభలు మళ్లీ ఆలోచించాలని మాత్రం సూచించింది. విడాకులకు కుష్ఠును కారణంగా చూపే అవకాశాన్ని పార్లమెంటు 2019లో తొలగించింది. గడ్చిరోలి పేరుతో ముడిపడిన మరో చరిత్ర కూడా ఉంది. పోలియో వల్ల చక్రాల కుర్చీకి పరిమితమైన తెలుగువాడు, ఢిల్లీ విశ్వవిద్యాలయ ఆంగ్ల అధ్యాపకుడు జి.ఎన్. సాయిబాబాకు మావోయిస్టు సంబంధాల కేసులో 2017లో గడ్చిరోలి సెషన్స్ కోర్టు యావజ్జీవ శిక్ష వేసింది. బాంబే హైకోర్టు నాగపూర్ బెంచి 2024 మార్చిలో ఆయన్ను నిర్దోషిగా విడుదల చేసింది. అదే ఏడాది అక్టోబరులో ఆయన హైదరాబాదులో మరణించారు. ఆయన రాజకీయాల గురించి ఎవరి అభిప్రాయం ఏదైనా, చక్రాల కుర్చీలోని ఖైదీకి జైలు గది, మరుగుదొడ్డి ఎలా ఉండాలన్న ప్రశ్న ఈ దేశంలో ప్రజల ముందుకు వచ్చింది ఆ కేసు ద్వారానే.

ఆత్మగౌరవం గురించి మాట్లాడేటప్పుడు చాలామంది తడబడతారు. కాలు లేకపోవడంలో గర్వపడటానికేముందని అడుగుతారు. వికలాంగుల ఉద్యమాల్లో గర్వమంటే సిగ్గుపడటానికి నిరాకరించడం. మెట్లు ఎక్కలేకపోవడం నా తప్పు కాదు, మెట్లు మాత్రమే కట్టడం మీ తప్పు అని చెప్పగలగడం. పూర్వజన్మ పాపమన్న మాటను, అయ్యో అన్న నిట్టూర్పును, ఊరందరూ అవయవం పేరును ఇంటిపేరులా తగిలించి పిలవడాన్ని ఇకపై మౌనంగా భరించకపోవడం. బహిరంగంగా ఉద్దేశపూర్వకంగా వికలాంగుణ్ణి అవమానించడం 2016 చట్టంలోని 92వ సెక్షన్ కింద 6 నెలల నుంచి 5 ఏళ్ల దాకా జైలు శిక్ష పడే నేరం. ఆ సెక్షన్ కింద కేసు పెట్టినవారు మన పల్లెల్లో బహుశా వేళ్ల మీద లెక్కించదగినంతమంది కూడా ఉండరు; కానీ అలాంటి సెక్షన్ ఉందని తెలిసిన కుర్రవాడు కూడలిలో నిలబడే తీరు మారుతుంది.

గర్వానికి చరిత్ర కూడా కావాలి, ఈ నేలకు అది ఉంది. వ్యవహార భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా పనిచేస్తూ సవర భాష నేర్చుకోవడానికి మన్యంలో తిరిగారు. అక్కడ మలేరియా సోకి, వాడిన క్వినైన్ వల్ల ఆయన వినికిడి దెబ్బతింది. ఆ చెవుడు జీవితాంతం ఉండిపోయింది. 1931లో సవర భాషా వ్యాకరణం, 1938లో సవర నిఘంటువు వెలువరించింది వినికిడి కోల్పోయిన భాషా శాస్త్రవేత్త. ఒక భాష ధ్వనులను పట్టుకుని లిఖించిన మనిషికి ఆ ధ్వనులు సరిగా వినబడని రోజులున్నాయన్నది ఆయన జయంతి సభల్లో ఎవరూ ఎత్తని విషయం. వికలాంగులు ఆయన్ను తమవాడిగా చెప్పుకోవడానికి పూర్తి హక్కుంది. ఒడిశా ఈ విషయంలో మనకంటే ముందుంది: అంధుడిగా ప్రజలు నమ్మే 19వ శతాబ్దపు మహిమా ధర్మ కవి భీమ భోయి పేరునే తన వికలాంగుల కార్యక్రమానికి పెట్టుకుంది.

సరిహద్దును అందరికంటే ముందు దాటినవారు కూడా వికలాంగులే. భారతీయ భాషలన్నిటికీ ఒకే పద్ధతిలో రాసే భారతి బ్రెయిలీ 1951లో స్థిరపడింది. తెలుగు క, ఒడియా క, మరాఠీ క బ్రెయిలీలో ఒకటే: 1, 3 చుక్కలు. తెలుగుకు మాత్రమే అవసరమైన హ్రస్వ ఎ, ఒ వంటి కొద్ది అక్షరాలు తప్ప మిగిలినవన్నీ దాదాపు కలుస్తాయి. చూపున్న పిల్లలు మూడు లిపులు విడివిడిగా నేర్చుకోవలసి వచ్చే చోట, బ్రెయిలీ నేర్చిన అంధ బాలిక ఒకే లిపితో మూడు భాషల పుస్తకాలను వేళ్లతో తడిమి చదవగలదు. బధిరుల సంగతి ఇంకా విశేషం. ప్రాంతాన్ని బట్టి కొన్ని సైగలు మారినా, భారతీయ సంజ్ఞా భాషకు రాష్ట్రాల గీతలు లేవు. బరంపురం బధిరుడూ, విశాఖపట్నం బధిరుడూ కలిస్తే మాట సాగుతుంది, వారి తల్లిదండ్రుల మధ్య ఒడియా, తెలుగుల దగ్గర ఆగిపోయిన మాట కూడా. పెళ్లిళ్లలో, రైల్వే స్టేషన్లలో, ఆటల పోటీల్లో గుమిగూడి చేతులతో గంటల తరబడి మాట్లాడుకునే ఈ సమాజం తనను తాను లోపంగా చూసుకోదు, భాష ఉన్న జనంగా చూసుకుంటుంది. ఒంటరి బధిర బాలుణ్ణి పల్లెలో ఎవరితోనూ కలపకుండా ఉంచేసిన తల్లిదండ్రులు ఒకసారి అలాంటి గుంపును చూస్తే, ఆ పిల్లవాడికి కావలసింది జాలి కాదని, తోటివారని అర్థమవుతుంది.

చట్టం రాసిపెట్టి అమలు కాని విషయాల్లో పెద్దది రాకపోకల సౌకర్యం. ఉన్న ప్రభుత్వ భవనాలన్నిటినీ 5 ఏళ్లలో వికలాంగులకు అనువుగా మార్చాలని 45వ సెక్షన్ చెప్పింది. 2017 నిబంధనలతో మొదలైన ఆ గడువు 2022లోనే ముగిసింది. అంధుడైన రాజీవ్ రతూరి 2005లో వేసిన కేసులో సుప్రీంకోర్టు 2024 నవంబరు 8న తీర్పు ఇస్తూ, ఈ ప్రమాణాలను కేవలం సూచనలుగా మార్చిన నిబంధన చెల్లదనీ, తప్పనిసరి ప్రమాణాలను రూపొందించాలనీ ఆదేశించింది. 2025 ఏప్రిల్‌లో, కన్నార్పమని అడిగే డిజిటల్ గుర్తింపు పరీక్షలు అంధులకూ, యాసిడ్ దాడి బాధితులకూ అడ్డం కారాదనీ, డిజిటల్ సౌకర్యం పొందడం జీవించే హక్కులో భాగమనీ చెప్పింది. పింఛను కోసం వేలిముద్రో, ముఖమో యంత్రానికి చూపించి, అది గుర్తించక వెనుదిరిగే మన జిల్లాల ముసలివారికీ, కుష్ఠుతో వేళ్లు అరిగినవారికీ ఈ తీర్పు నేరుగా పనికొస్తుంది.

అడగవలసిన చోటు చాలాసార్లు ఢిల్లీ కాదు, పంచాయతీ కార్యాలయం. వికలాంగుల సంక్షేమం రాజ్యాంగం 11వ షెడ్యూల్‌లో 26వ అంశంగా పంచాయతీల పరిధిలో ఉంది. మహారాష్ట్రలో ప్రతి స్థానిక సంస్థ తన సొంత నిధుల్లో 5 శాతం వికలాంగుల కోసం ఖర్చు చేయాలన్న ఉత్తర్వు 2018 నుంచి ఉంది. సిరొంచ, రాజురా, దెగ్లూర్ ప్రాంతాల గ్రామసభల్లో ఆ 5 శాతం ఎక్కడ ఖర్చైందని అడిగితే చదివి వినిపించవలసిన బాధ్యత గ్రామసేవకుడిది. పేదరిక నిర్మూలన పథకాల్లోనూ, భూమి పంపిణీలోనూ 5 శాతం వాటా, అందులో వికలాంగ స్త్రీలకు ప్రాధాన్యం 37వ సెక్షన్ ఇచ్చినవి, అవి నాలుగు రాష్ట్రాలకూ సమానమే. సిరొంచకు ఎదురుగా ఉన్న ఛత్తీస్‌గఢ్ 2019లో చట్టం సవరించి, ఎన్నికల్లో వికలాంగులెవరూ గెలవని పంచాయతీలో ఒకరిని సభ్యులుగా నామినేట్ చేసే పద్ధతి తెచ్చింది. తమిళనాడు 2025లో అదే దారి పట్టింది. ఒడిశా, మహారాష్ట్ర, రెండు తెలుగు రాష్ట్రాల సంఘాలు కలిసి అడగదగిన డిమాండ్లలో దీన్ని నేను మొదట పెడతాను, ఎందుకంటే పంచాయతీలో కుర్చీ ఉన్న మనిషికి మిగిలినవన్నీ అడగడానికి చోటు దొరుకుతుంది.

కార్యాలయం వినకపోతే ప్రతి రాష్ట్రంలోనూ వికలాంగుల కమిషనర్ ఉంటారు. అన్యాయం ఏ రాష్ట్రంలో జరిగితే ఆ రాష్ట్ర కమిషనర్‌కు, కేంద్ర సంస్థ విషయమైతే ఢిల్లీలోని ముఖ్య కమిషనర్‌కు ఫిర్యాదు పంపాలి. భాష రాదని భయపడనక్కర్లేదు. ఏ వ్యక్తి అయినా తన బాధను తీర్చమని కేంద్రపు లేదా రాష్ట్రపు ఏ అధికారికైనా, ఆ కేంద్రంలో లేదా ఆ రాష్ట్రంలో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా విన్నపం పెట్టుకోవచ్చని 350వ అధికరణం చెబుతోంది. పర్లాకిమిడిలోనూ, బరంపురంలోనూ, సిరొంచలోనూ తెలుగు వాడుకలోనే ఉంది. కాబట్టి ఆ ఫిర్యాదును తెలుగులో రాసి, కార్డు నకలు జతచేసి, రిజిస్టర్డ్ పోస్టులో పంపి, రశీదు దాచుకోవాలి.